మెక్సికో చిన్న ఊళ్లో గ్యాస్ బండ: నా అనుభవం

గ్వానహ్వాతో రాష్ట్రంలో ఆకాంబారో దగ్గర ఓ చిన్న వ్యవసాయ పట్టణంలో ఇల్లు అద్దెకు తీసుకున్నాను. చుట్టూ సోలిస్ డ్యామ్ నీళ్లతో పండే మొక్కజొన్న, జొన్న, గోధుమ చేలు. ఇక్కడ ఇంటికి కావలసినవన్నీ వీధిలోకే వస్తాయి, ఒక్కోదానికి ఒక్కో చప్పుడు. చేతిగంట మోగితే చెత్త బండి. సంచీ అప్పుడే పట్టుకెళ్లాలి, ముందే గుమ్మం బయట పెడితే కుక్కలు పీకి పారేస్తాయి. సన్నటి పిల్లనగ్రోవి వినపడితే కత్తులు సానపట్టేవాడు. సాయంత్రం చెవులు చిల్లులు పడేలా ఆవిరి ఈల వేసేది చిలగడదుంపల బండి. తాగే నీళ్లు 20 లీటర్ల డబ్బాలో వస్తాయి, ఖాళీది ఇచ్చి నిండుది తీసుకోవడమే.

నా ప్రాణం తోడేసింది గ్యాసే.

మన దగ్గర బండ 14.2 కిలోలు, బుక్ చేస్తే ఇంటికొస్తుంది. ఇక్కడ 20, 30 కిలోల బండలు. "గా...స్" అని అరుస్తూ లారీ వీధిలోకి వచ్చినప్పుడు పరుగెత్తి ఆపుకోవాలి. కొత్త బండ మాత్రం కొనకండి. మొదటి మార్పిడిలోనే మెరిసేది పట్టుకుపోయి తుప్పుది దింపుతారు. అడుగు రింగు తుప్పు తిన్నది, వాల్వు వంగినది ఇస్తే లారీ కదలకముందే వెనక్కి ఇచ్చేయండి.

అసలు దగా తూకంలో ఉంది. ఖాళీ బండ బరువు మెడ దగ్గర "తారా" అని కొట్టి ఉంటుంది. పెయింట్ కింద కనపడకపోతే గోరుతో గీకి చూడండి. నాకిచ్చినదాని తారా 18.5, అంటే 20 కిలోల గ్యాస్‌తో 38.5 తూగాలి. పశువుల దాణా కొట్టులో బస్తాలు తూచే కాటా ఉంటుంది, అక్కడికి తోపుడు బండి మీద తీసుకెళ్లి పెట్టిస్తే 35 దగ్గర ఆగింది. మూడున్నర కిలోలు మాయం! లారీ మళ్లీ వచ్చినప్పుడు అడిగితే ఆ కుర్రాడు వీధి వీధంతా వినేలా నవ్వాడు. చలికి గ్యాస్ ముడుచుకుంటుందట, పరదేశివాళ్లకు ఇవి తెలియవట. శుద్ధ అబద్ధం. చలికి బండలో పీడనం తగ్గుతుంది, మంట నీరసిస్తుంది. బరువు గ్రాము కూడా తగ్గదు. ఈ మాట వాడికి తెలియక కాదు. పొద్దున్నే కోతలకు పోయే కూలీల ఇళ్లలోనూ ఇదే బండ దింపుతున్నాడు, వాళ్ల రోజు కూలి తినేస్తున్నాడు. అదీ నా కడుపుమంట.

అందుకే బండ డాబా మీదికి ఎక్కించే ముందే కొక్కెం తక్కెడ చేత్తో పట్టుకుని నిలబడండి. 50 కిలోలు లాగే స్ప్రింగ్ కాటా 20 కిలోల బండకు సరిపోతుంది. రసీదు అడగండి. స్పానిష్‌లో "నోటా" అని అడిగితే చాలు, సగం మోసం అక్కడే ఆగిపోతుంది, ఎందుకంటే రసీదు ఉంటే ప్రొఫెకో అనే వినియోగదారుల సంస్థకు ఫిర్యాదు చేయొచ్చు. కిలో ధర వాళ్ల నోటి మాట కాదు. 2021 ఆగస్టు నుంచి ప్రభుత్వం వారం వారం, ప్రాంతాల వారీగా గరిష్ఠ ధర ప్రకటిస్తోంది. ఆ వారం ధర ఫోన్‌లో చూపించి మాట్లాడండి. డాబా మీదికి మోసినవాడికి పదో ఇరవయ్యో పెసోలు ఇవ్వడం ఆనవాయితీ, అది ఎగ్గొట్టకండి.

బండకు గ్యాస్ గొట్టం బిగించేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి, ఆ మర ఎడమవాటం. అపసవ్యంగా తిప్పితేనే బిగుస్తుంది. బలంకొద్దీ కుడివైపు తిప్పితే ఇత్తడి మర అరిగి గ్యాస్ కారుతుంది. పానాతో బిగించాక సబ్బు నురగ రాసి బుడగలు వస్తున్నాయేమో చూడండి, అగ్గిపుల్ల గీయొద్దు. ఈ గ్యాస్ గాలికన్నా బరువు, పల్లంలో నిలుస్తుంది, కాబట్టి బండ పల్లపు మూలలో పెట్టొద్దు.

రెండు బండలు ఉంచుకోవాల్సిందే. సంత రోజు గుడారాలతో వీధి మూసుకుపోతుంది, లారీ రాదు. డిసెంబర్ 12న గ్వాదలూపే మాత పండగ, 16 నుంచి పోసాదాలు అనే క్రిస్మస్ ముందు వేడుకలు, అదే నెలలో వేన్నీళ్ల బాయిలర్ ఎక్కువ గ్యాస్ తాగేది. రెండో బండ నెల మొదట్లోనే నింపించి, తూచి పెట్టుకోండి.