అత్తయ్య మతిమరుపు, మాత్రల సంచి

మా అత్తయ్యకు మతిమరుపు మొదలైందని డాక్టరుకు చెప్పక ముందే దానికి మందులు ఇంటినిండా చేరాయి. అమెరికా నుంచి వచ్చిన మేనకోడలు జింకో (ఒక చెట్టు ఆకుల సారం) మాత్రలు, ఒమేగా-3 క్యాప్సూల్స్ తెచ్చింది. (అవి చేపనూనెవని పూర్తి శాకాహారి అయిన ఆమెకు చెప్పే ధైర్యం ఎవరూ చేయలేదు.) పక్కింటివారు బ్రాహ్మీ చూర్ణం ఇచ్చారు. మందుల దుకాణం అబ్బాయి జ్ఞాపకశక్తికి, జుట్టుకు రెండింటికీ పనికొస్తుందని ఒక మల్టీవిటమిన్ సీసా అంటగట్టాడు.

ఆమెకు 74 ఏళ్లు. మా వీధి ఆడవాళ్లతో ఏళ్ల తరబడి చీటీలు నడిపారు. ఎవరు ఏ నెల పాడారో, ఎంతకు పాడారో పుస్తకం తెరవకుండా చెప్పేవారు. అలాంటి మనిషి ఒకే నెల కంతును ఒకావిడ దగ్గర రెండుసార్లు అడిగారు. పేర్లు మరిచిపోతే వయసు అనుకుని ఊరుకునేదాన్ని. ఆమె లెక్క తప్పడం మాత్రం నాకు వయసులా కనిపించలేదు.

న్యూరాలజిస్టు దగ్గర సమయం తీసుకున్నప్పుడు అక్కడి నర్సు ఫోనులో చెప్పింది: "ఆవిడ మింగేవన్నీ, పొడులూ టానిక్కులూ వదలకుండా, ఒక సంచిలో వేసుకుని రండమ్మా." ఈ మాట ఎంత విలువైనదో తర్వాత తెలిసింది. ఏమేం వాడుతున్నారని అడిగితే షుగరు మాత్ర, బీపీ మాత్ర, గుండె మాత్ర అని చెప్పి ఆపేస్తాం. విటమిన్లు మన ఇళ్లలో మందుల లెక్కలోకి రావు.

డాక్టరుగారు సంచిని బల్ల మీద కుమ్మరించి ఒక్కొక్కటీ పక్కకు పెట్టడం మొదలుపెట్టారు. మొదట జింకో. అత్తయ్యకు గుండెలో స్టెంట్ ఉంది. రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వేసుకుంటారు. వాటికి జింకో తోడైతే రక్తస్రావం ముప్పు పెరగవచ్చట. ఆమె ముంజేతుల మీద ఉన్న నల్లటి మచ్చలు చూపించి "ఇవి ఎప్పటినుంచి?" అని అడిగారు. పోనీ అంత ముప్పుకు తగ్గ ఫలితం ఉందా అంటే అదీ లేదు. అమెరికాలో 75 ఏళ్లు, ఆపైబడిన 3,069 మందికి ఏళ్లపాటు జింకో ఇచ్చి చూసిన పరిశోధన 2008లో వెలువడింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారితో పోలిస్తే డిమెన్షియా (మతిమరుపు ముదిరే జబ్బు) ఏమాత్రం తగ్గలేదు.

తర్వాత విటమిన్ డి. మోకాళ్ల డాక్టరు రాసిన 60,000 యూనిట్ల పొడి ఒకటి, షుగరు డాక్టరు రాసిన క్యాప్సూల్ ఒకటి. పేర్లు వేరు, సరుకు ఒకటే. వారానికి ఒకటి వేసుకోవాల్సింది రెండు వేసుకుంటున్నారు. డి విటమిన్ మరీ ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరిగి, దానివల్లే మనిషి అయోమయంలో పడే ప్రమాదం ఉందట. అదృష్టం కొద్దీ ఆమె కాల్షియం హద్దులోనే ఉంది. మల్టీవిటమిన్ సీసా తిప్పి చూసి, జుట్టు కోసం కలిపిన బయోటిన్ మోతాదు ఎక్కువగా ఉందని, అది థైరాయిడ్ పరీక్ష ఫలితాన్ని తారుమారు చేస్తుందని చెప్పారు. రెండు మూడు రోజులు ఆపాకే రక్తం ఇమ్మన్నారు.

అసలు విషయం ఆ రక్తపరీక్షలో బయటపడింది. థైరాయిడ్ బాగానే ఉంది. విటమిన్ బీ12 మాత్రం 140 పికోగ్రాములు. 200 కన్నా తగ్గితే లోపం కిందే లెక్క. కారణాలు చాలావరకు ఆ సంచిలోనే ఉన్నాయి. ఏళ్లుగా వేసుకుంటున్న షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ పేగులో బీ12ను సరిగా పీల్చుకోనివ్వదు. రోజూ పరగడుపున వేసుకునే గ్యాస్ మాత్ర కడుపులో ఆమ్లాన్ని తగ్గిస్తుంది, ఆ ఆమ్లం లేకపోతే ఆహారంలోని బీ12 విడివడదు. పైగా శాకాహారం, పాలూ పెరుగూ తప్ప వేరే దారి లేదు. రాత్రిళ్లు అరికాళ్లు మండుతున్నాయని ఆమె అంటే షుగరు వల్లేనని అందరం అనుకున్నాం. బీ12 లోపిస్తే ఆ మంటా, మతిమరుపూ రెండూ రావచ్చట. దుకాణం అబ్బాయి ఇచ్చిన సీసాలోనూ బీ12 ఉంది, మాత్రకు 1 మైక్రోగ్రాము. డాక్టరుగారు రాసిన ఇంజెక్షన్‌లో 1,000.

జ్ఞాపకశక్తి పరీక్ష తెలుగులోనే జరిగింది. అడెన్‌బ్రూక్స్ అనే ఆ వంద మార్కుల పరీక్షకు మన భాషలో రూపం ఉంది. హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం దాన్ని వాడింది. గడియారం బొమ్మ గీయమంటే అంకెలన్నీ ఒకవైపే పేర్చారు అత్తయ్య. వందలోంచి ఏడేసి తగ్గించమంటే మాత్రం గబగబా చెప్పేశారు. చీటీల చలవ!

ఇంజెక్షన్లు మొదట రోజు విడిచి రోజు, తర్వాత వారానికొకటి, ఇప్పుడు నెలకొకటి. అరికాళ్ల మంట ముందు తగ్గింది, నీరసం తర్వాత. కొన్ని నెలలకు మళ్లీ పరీక్ష పెడితే మార్కులు పెరిగాయి, పూర్వస్థితికి మాత్రం రాలేదు. మెదడు స్కానింగులో సన్నటి రక్తనాళాలు దెబ్బతిన్న ఆనవాళ్లు ఉన్నాయి. ఆ భాగం విటమిన్లతో తిరిగిరాదని, బీపీ, షుగరు అదుపులో ఉంచడమే దానికి మందని డాక్టరుగారు దాపరికం లేకుండా చెప్పారు.

"అయితే విటమిన్లన్నీ దండగేనా?" అని అడిగాను. కాదట. 2010లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు మతిమరుపు తొలిదశలో ఉన్న వృద్ధులకు బీ విటమిన్లు ఇస్తే, మెదడు కుంచించుకుపోయే వేగం తగ్గింది. ఆ మేలు రక్తంలో హోమోసిస్టీన్ ఎక్కువగా ఉన్నవారికే బాగా కనిపించింది. అది బీ విటమిన్ల కొరతకు ఒక గుర్తు. రోజూ ఒక మల్టీవిటమిన్ వేసుకున్న వృద్ధుల జ్ఞాపకశక్తి కొద్దిగా మెరుగుపడిందని అమెరికాలో ఈమధ్య జరిగిన పరిశోధన కూడా ఒకటుంది. అయితే అది డిమెన్షియాను ఆపుతుందని తేలలేదు. కాబట్టి కొరత ఉందో లేదో చూడకుండా సీసాలు కొనడం నా దృష్టిలో డబ్బు పారేసుకోవడమే. ఆ సీసాల మీద చిన్న అక్షరాల్లో "వైద్య ఉపయోగానికి కాదు" అనే అర్థం వచ్చే హెచ్చరిక ఉంటుంది. మన దేశంలో అది రాయడం తప్పనిసరి. దుకాణంలో ఆ ముక్క ఎవరూ చదివి వినిపించరు.

మెట్‌ఫార్మిన్ వాడినంత కాలం బీ12 కొనసాగించాలి, ఏడాదికోసారి పరీక్ష చేయించాలి. చేపనూనె, చూర్ణం, జింకో సంచిలోంచి పోయాయి. మిగిలిన మందుల పేర్లు, మోతాదులు ఒక కాగితం మీద రాసి అత్తయ్య పర్సులో పెట్టాం. పోయిన నెల కంటి డాక్టరు ఒక విటమిన్ మాత్ర రాయబోతుంటే ఆమే ఆ కాగితం తీసి ముందు పెట్టారు. ఆయన చదివి, రాసినది తానే కొట్టేశారు.