గుడ్డి కన్ను కథ

ఇవాళ పదో తరగతిలో ఇంగ్లీషు జాతీయాలు. ‘టర్న్ ఎ బ్లైండ్ ఐ’ (చూసీ చూడనట్టు ఊరుకోవడం) దగ్గరే పీరియడంతా గడిచిపోయింది. 1801, కోపెన్‌హేగన్ యుద్ధం. వెనక్కి తగ్గమని బ్రిటిష్ నౌకాదళ నాయకుడు నెల్సన్‌కి పై అధికారి జెండాలతో సైగ చేయించాడు. నెల్సన్‌కి కుడికంటి చూపు 1794లోనే కోర్సికాలో పోయింది. టెలిస్కోపు ఆ కంటికే ఆనించి, సైగేమీ కనబడట్లేదే అన్నాడట! పోరు ఆపలేదు, గెలిచాడు. మాట అంతకుముందూ ఉందంటారు గానీ, పేరు తెచ్చింది ఈ కథే.

పిల్లలు చెవులప్పగించి విన్నారు. ఎప్పుడూ నోరు విప్పని అమ్మాయి లేచి, “మరి సైగ చూసి వెనుదిరిగిన వాళ్లకేమైంది మేడమ్?” అంది. ఎంత మంచి ప్రశ్న! నెల్సన్ దళంలోనే ఉన్న కెప్టెన్ రియూ ఆజ్ఞ పాటించి ఓడ తిప్పాడు; తిరుగుతుండగానే ఫిరంగి గుండు తగిలి చనిపోయాడు. ఇలాంటి పిల్లలకి జాతీయాల పట్టికిచ్చి బట్టీ పట్టమనడానికి నాకు మనసొప్పదు.