పొడి పొట్లాలు, టేపు, రక్తపరీక్ష

విజయవాడ వన్ టౌన్‌లో నాది హోల్‌సేల్ బట్టల కొట్టు. పొద్దున పదింటికి గల్లాపెట్టె ముందు కూర్చుంటే రాత్రి తొమ్మిదికే లేవడం. సాయంత్రం పునుగులు, మధ్యలో నాలుగు టీలు. 107 కిలోలు ఎప్పుడయ్యానో నాకే తెలీదు.

అంగస్తంభన మొదటిసారి దెబ్బతిన్నప్పుడు జీఎస్టీ టెన్షన్ అనుకున్నా. రెండోసారి అలసట అనుకున్నా. మూడోసారికి సాకులు అయిపోయాయి. ఇక లెక్కలున్నాయని చెప్పి కొట్లోనే కూర్చునేవాణ్ణి. ఇంట్లో లైటు ఆరిందని సందు చివర నుంచి చూసుకుని, అప్పుడు బండి లోపల పెట్టేవాణ్ణి. పెళ్లయిన పద్నాలుగేళ్లకి నా ఇంటికే దొంగలా వెళ్లడం!

డాక్టరు దగ్గరికి వెళ్లానా? లేదు. గోడ మీద అంటించిన కాగితం చూసి ఫోన్ చేశా. మేడ మీద చిన్న గది. ఆయన నాడి పట్టుకుని, చిన్నప్పటి అలవాట్ల వల్ల వచ్చిన బలహీనత అన్నాడు. 45 రోజులకి పొడి పొట్లాలు, 6,500 రూపాయలు. బరువు ఎంతని కూడా అడగలేదు మహానుభావుడు. పొడి వేసుకున్న రోజు మొహం ఎర్రబడి తలనొప్పి వచ్చేది.

ఆ పొట్లాలు స్కూటర్ డిక్కీలో మా ఆవిడ కంటపడ్డాయి. "ఏవండీ, మీకు షుగర్ వచ్చిందా? నాకు చెప్పలేదే?" అంది. అబద్ధం ఆడబోయి ఆగిపోయా. అంతా చెప్పాక చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నా మీద ఇష్టం పోయిందేమో అనుకున్నా" అంది. ఏడాదిగా ఆమె అలా అనుకుంటోందన్న ఊహే నాకు రాలేదు.

ఇద్దరం సూర్యారావుపేటలో ఒక ఆండ్రాలజిస్టు (మగవాళ్లకొచ్చే ఇలాంటి సమస్యలు చూసే డాక్టరు) దగ్గరికి వెళ్లాం. ఆయన ముందు టేపు తీసి నడుం కొలిచాడు. 114 సెంటీమీటర్లు. మనవాళ్లలో మగవాళ్లకి 90 దాటితేనే జాగ్రత్త పడాలట. తెల్లవారుజామున స్తంభన ఉంటోందా, గురక ఉందా, పగలు కునుకు పడుతోందా అని అడిగాడు. గురక సంగతి మా ఆవిడే చెప్పింది, కొంచెం ఉత్సాహంగానే.

"బందరు కాలువలో నీళ్లు తగ్గితే ముందు ఏది ఎండుతుంది? చివర్లో ఉన్న పిల్ల కాలువ" అన్నాడు డాక్టరు. గుండె రక్తనాళం 3, 4 మిల్లీమీటర్లుంటే అంగానికి వెళ్లేది 1, 2 మిల్లీమీటర్లే. పూడిక ప్రభావం ముందు అక్కడే కనబడుతుంది, గుండెకి తర్వాత. అందుకే ఈసీజీ కూడా తీయించాడు. పైగా పొట్టలోని కొవ్వు ఊరికే కూర్చోదు; మగ హార్మోన్ టెస్టోస్టెరాన్‌ని ఆడ హార్మోన్ ఈస్ట్రోజెన్‌గా మారుస్తుంది. ఇక పొడి సంగతి అడిగితే, అలాంటివాటిలో చెప్పకుండా స్తంభనకి వాడే ఇంగ్లీషు మాత్రల మందే కలిపినవి చాలాసార్లు పట్టుబడ్డాయని, గుండెనొప్పికి నైట్రేట్ మాత్రలు వాడేవాళ్లయితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుందని చెప్పాడు.

టెస్టోస్టెరాన్‌కి పరగడుపున, పొద్దున్నే రక్తం ఇవ్వాలి. ఒక్కసారి చాలదు, రెండుసార్లు. నాకు 238, 251 వచ్చాయి, రెండూ తక్కువే. మూణ్నెల్ల షుగర్ 6.3, అంటే గడప దాకా వచ్చి నిలబడింది. ఇంజెక్షన్ వేసెయ్యండి అన్నా. వద్దన్నాడు. బయటి నుంచి హార్మోన్ ఇస్తే వీర్యకణాలు తగ్గుతాయి, ఒంట్లో తయారయ్యేదీ తగ్గుతుంది. ముందు బరువు తగ్గించండి అన్నాడు. ఇటలీవాళ్లు 2004లో ప్రచురించిన అధ్యయనం సంగతి చెప్పాడు. ఇదే సమస్య ఉన్న 110 మంది లావుపాటి మగవాళ్లు, రెండేళ్లు. తిండి, వ్యాయామం దగ్గరుండి నేర్పిన 55 మందిలో 17 మందికి మామూలైంది. ఉత్త సలహాలిచ్చిన 55 మందిలో ముగ్గురికే.

నేను వ్యాపారిని కదా, "మిగతా 38 మంది మాటేంటి సార్?" అన్నా. "వాళ్లకి మాత్రలున్నాయి. మీకూ ఇస్తున్నా" అని నవ్వాడు. బిర్యానీ తిని వేసుకుంటే ఆలస్యంగా పనిచేస్తుందని ముందే హెచ్చరించాడు. ఆ హెచ్చరిక విలువ నాకు ఒక ఆదివారం తెలిసొచ్చింది.

రోజూ తెల్లవారుజామున స్టేడియంలో నడక. రెండు నెలలకి తగ్గింది మూడు కిలోలు, పెరిగింది మోకాళ్ల నొప్పి. రాత్రి అన్నం మానేసి ఏడున్నరకే కొట్లో డబ్బా విప్పితే గుమస్తాలు ఒకళ్లనొకళ్లు చూసుకునేవాళ్లు. అన్నం మానడం తేలికే. ఎదురుగా మూకుట్లో పునుగులు తేలుతుంటే చూస్తూ కూర్చోవడమే నరకం. నాలుగో నెలలో ఒక తెల్లవారుజామున మెలకువ వచ్చి, దుప్పటి కింద సంగతి గమనించి, కాసేపు కదలకుండా అలాగే పడుకున్నా.

11 నెలలకి 94 కిలోలు, టెస్టోస్టెరాన్ 362. మాత్ర ఇప్పుడు ఎప్పుడో ఒకసారి. గురక దాదాపు పోయింది. అలవాటైన మోత వినపడక మా ఆవిడ కంగారుపడి, అర్ధరాత్రి నా ముక్కు దగ్గర వేలు పెట్టి చూసిందట. మొన్న చెప్పింది.