నాన్న బండి, నాన్న బోటు

మే రెండో వారంలో నాన్న పోయారు. అవి వేట నిషేధం రోజులు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లు సముద్రంలోకి పోకూడదు కాబట్టి, బలుసుతిప్పలో అందరి బోట్లతో పాటు మాదీ ఒడ్డునే ఉంది. నాన్న టీవీఎస్ ఎక్స్ఎల్ వాకిట్లో ఉంది. వెనక చేపల బుట్ట కట్టే తాడు కూడా ఎవరూ విప్పలేదు.

పెద్దకార్యం అయిన మర్నాడు తమ్ముడు నా పక్కన కూర్చుని, "అక్కా, జూన్ 15కి వేటకెళ్లాలా వద్దా?" అన్నాడు. ఇంజను బాగుంది, వలలు సిద్ధంగా ఉన్నాయి, బోటు మీద పనిచేసే కళాసీలు రోజూ వచ్చి అడిగిపోతున్నారు. కానీ బోటు రిజిస్ట్రేషన్, లైసెన్సు, డీజిల్ సబ్సిడీ అన్నీ నాన్న పేరు మీదే. పైగా ఎవరో ఏజెంటు వాడికి, "కోర్టు నుంచి వారసత్వ సర్టిఫికెట్ తేవాలి, ఆరు నెలలు పడుతుంది, ఖర్చవుతుంది" అని చెప్పాడట. ఆ టెన్షన్‌తో వాడు రెండు రాత్రులు నిద్రపోలేదు. తండ్రి పోయిన కుర్రాడిని అలా భయపెట్టినందుకు నాకు ఇప్పటికీ కోపమే.

ఆ కోర్టు సర్టిఫికెట్ అడిగేది బ్యాంకు డిపాజిట్లు, షేర్లు, రావలసిన బాకీల లాంటి వాటికి. బండికి దారి వేరే ఉంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 56వది సరిగ్గా దీని గురించే. యజమాని పోయిన 30 రోజుల్లో ఆర్టీఓ ఆఫీసుకి ఆ సంగతి, బండి మేం వాడుకుంటామన్న సంగతి తెలపాలి. మూడు నెలల్లో ఫారం 31 పెట్టి పేరు మార్పించుకోవాలి. జత చేయాల్సినవి ఆర్సీ, మరణ ధ్రువపత్రం, ఇన్సూరెన్సు. ఆ ఇన్సూరెన్సు కూడా యజమాని పోయాక మహా అయితే మూడు నెలలే పనికొస్తుంది. గడువు ఈలోపే తీరితే అంతకుముందే పోతుంది. మరణం 21 రోజుల్లోగా నమోదు చేయిస్తే లేటు ఫీజు ఉండదు. మేము దుఃఖంలో ఉండి ఆ పని పద్దెనిమిదో రోజున చేశాం.

తహసీల్దారు ఆఫీసు నుంచి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకున్నాం. అందులో అమ్మ, నేను, తమ్ముడు మాత్రమే ఉంటాం అనుకున్నాను. కానీ నాన్నమ్మ ఉంది. హిందూ వారసత్వ చట్టం ప్రకారం కొడుకు వీలునామా రాయకుండా పోతే భార్యా పిల్లలతో పాటు తల్లికీ సమాన వాటా. ఈ సంగతి చాలామందికి తెలియదు, నాకూ అప్పుడే తెలిసింది.

కాబట్టి అభ్యంతరం లేదని రాసిచ్చే స్టాంపు కాగితం మీద నాన్నమ్మ వేలిముద్ర కూడా కావాల్సి వచ్చింది. ఆవిడ వేళ్లు ఉప్పుచేపలు ఆరబెట్టి, వలలు బాగుచేసి గీతలు అరిగిపోయి ఉన్నాయి. మొదటిసారి వేస్తే నల్లటి మచ్చ పడింది తప్ప గీతలు పడలేదు. తమ్ముడు ఆ బొటనవేలు సబ్బుతో కడిగి, తుండుగుడ్డతో తుడిచి, మళ్లీ సిరా అద్ది నెమ్మదిగా నొక్కాడు. "నా కొడుకు బోటు నేనెందుకు వద్దంటానయ్యా" అంది నాన్నమ్మ. ఎవరం ఏం మాట్లాడలేకపోయాం.

అవే కాగితాలు, పాత రిజిస్ట్రేషన్‌తో కలిపి మత్స్యశాఖ ఆఫీసులో ఇచ్చాం. బోటు ముందు భాగం మీద నెంబరు అదే, కింద పేరు మాత్రం తమ్ముడిది. పని జూన్ 15కి అవలేదు. ఆ సీజను మొదటి రోజులు, రొయ్య బాగా పడే రోజులు, పోయాయి. కళాసీలకు ఆ రోజులు కూలీ లేదు.

మా మరిది కాలిఫోర్నియాలో ఉంటాడు. ఫోన్లో ఇదంతా విని, అక్కడ కారు టైటిల్ (యాజమాన్య పత్రం) మీదే "టీఓడీ", అంటే పోయాక ఫలానా వాళ్లకి చెందాలి అని రాసి ఒకరి పేరు పెట్టుకోవచ్చని, అక్కడి ఆర్టీఓ లాంటి డీఎంవీలో రిజిస్టరయ్యే చిన్న పడవలకీ అలాగే ఉంటుందని చెప్పాడు. పేరు పెట్టకపోతే, మనిషి పోయి 40 రోజులు దాటాక కోర్టు జోలికి పోకుండా ఒక ఫారం మీద ప్రమాణ పూర్వకంగా రాసిచ్చి వారసులు కారు మార్చుకోవచ్చట. "మనకి ఇలాంటివి ఎందుకు లేవు వదినా?" అన్నాడు. బండికి ఉంది. 2021 నుంచి మన ఆర్సీలోనూ నామినీ పేరు పెట్టుకోవచ్చు. కొన్నప్పుడు పెట్టకపోతే తర్వాత ఆన్‌లైన్‌లో చేర్చుకోవచ్చు. నాన్నకి ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు, ఎందుకంటే నాకూ తెలియదు.

మొన్న ఆదివారం తమ్ముడు ఎక్స్ఎల్ కొత్త ఆర్సీ ఫోటో పంపాడు. నామినీ దగ్గర మా మరదలి పేరుంది. కింద మెసేజ్: "అక్కా, బావ బండికి పెట్టారా?" సాయంత్రానికి మా ఆయన చేత పెట్టించాను.