టీకా కార్డు, పైసల లెక్క

2017 జూన్‌లో తెలంగాణలో మొదలైన కేసీఆర్ కిట్ పథకంలో, సర్కారు దవాఖానలో కాన్పయిన తల్లికి మగబిడ్డయితే 12,000, ఆడబిడ్డయితే 13,000 రూపాయలు అప్పట్లో విడతలుగా ఇచ్చేవారు. అందులో 5,000 టీకాలకే ముడిపెట్టారు: మూడున్నర నెలల సూదులయ్యాక 2,000, తొమ్మిది నెలల తట్టు టీకా తర్వాత 3,000. మంచి ముడే.

చిక్కంతా తేదీల్లో ఉంటది. ఐదు రోగాలను ఆపే పెంటా సూది 6, 10, 14 వారాలకు. డోసుల నడుమ కనీసం 4 వారాలు. జ్వరమొచ్చి ఒకటి ఆలస్యమైతే మిగతావీ వెనక్కి జరుగుతాయి గానీ, మళ్లీ మొదటినుంచి వేయనక్కర్లేదు. తట్టు టీకాకు తొమ్మిది నెలలు నిండాలి, తొమ్మిదో నెల పడితే చాలదు.

పుట్టింట్లోనో హనుమకొండ ప్రైవేటు దవాఖానలోనో సూది వేయిస్తే, ఆ కాగితం ఊరి నర్సు ఏఎన్ఎమ్‌కు చూపించి తల్లీబిడ్డల కార్డులో, ఆన్‌లైన్‌లో ఎక్కించుకోవాలి. పథకం పైసలకు బ్యాంకు ఖాతా తల్లి పేరునే ఉండాల్సి వచ్చేది. ఆంధ్రా బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిసింది. ఏ పైసలకైనా ఆ బ్యాంకు పాత పాస్‌బుక్కు జిరాక్స్ ఇవ్వకండి, దానిమీదున్నది పాత ఐఎఫ్ఎస్‌సీ, అంటే బ్యాంకు శాఖ కోడు.