నాన్నకి తెలిసిన మొక్క ఒక్కటే

"నాన్నా, నీకు తెలుగులో ఒక్క మొక్కే తెలుసు. పిచ్చిమొక్క."

ఉదయగిరి దుర్గం కింద నడుస్తూ మా తొమ్మిదేళ్ళ పాప అన్న మాట ఇది. మేం ఉండేది మెల్‌బోర్న్‌లో. ఇక్కడి సెప్టెంబరు సెలవులకి ఊళ్ళో మా అమ్మ దగ్గరికి వెళ్ళాం. నేనేమో కొండ చూపించి, 1514లో కృష్ణదేవరాయలు ఈ కోటని గజపతుల దగ్గర గెలుచుకున్నాడని ఉపన్యాసం దంచుతున్నాను. తను దారి పక్కన ఏది కనబడితే దాని పేరు అడుగుతోంది. నాలుగుసార్లు అదే జవాబు చెప్పాను.

ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడితే డబ్బాలో డాలర్ వెయ్యాలని రూలు పెట్టింది నేనే. డబ్బాలో సగం డాలర్లు కూడా నావే.

వెనక నుంచి అమ్మ అందుకుంది. పాప సాక్సులకి గుచ్చుకున్నవి ఉత్తరేణి గింజలట. వినాయక చవితి పత్రిలో అపామార్గం అంటే ఇదే. ఏటా ఫోన్లో చూసి ఆ పేరు చదువుతూ నేను వేసేది పుదీనా.

కంప మీదికి ఎగబాకిన తీగ అడవినాభి. దాని దగ్గర పాప కూలబడిపోయింది. ఆకు కొస సన్నగా సాగి, స్ప్రింగులా చుట్టుకుని పక్క కొమ్మని పట్టుకుంది. రేకులన్నీ పైకి విరుచుకుని ఉన్నాయి, మొదట్లో పసుపు, కొసల్లో ఎరుపు. "చూడు గానీ తుంచబాకమ్మా, దుంపంతా విషం" అంది అమ్మ.

ఇంకాస్త ముందుకెళ్తే చెదపుట్ట. రాత్రి వానకి దాని మొదట్లో తెల్లగా పది పన్నెండు లేచాయి. అమ్మ ఒకదాన్ని మెల్లగా లాగితే, కాడ కింద జానెడు వేరులాంటిది కూడా ఊడి వచ్చింది. చెదలు పుట్ట లోపల ఈ బూజుని సాగు చేసుకుని తింటాయి. వాన పడ్డాక అది ఇలా బయటికి వస్తుంది. పాప ఒక్కసారి "పుట్ట, గొడుగు!" అని అరిచింది. నలభై రెండేళ్ళుగా వాడుతున్న మాట, నేనెప్పుడూ విడదీసి చూడలేదు.

మధ్యాహ్నం అమ్మ వాటితో కూర చేసింది. నేను పాప కంచం పక్కకి జరిపి, మా ఇద్దరికీ ఆమ్లెట్ వెయ్యమన్నాను. ఆస్ట్రేలియాలో డెత్ క్యాప్ పుట్టగొడుగులు తిని ప్రాణాలు పోయినవాళ్ళున్నారు, నా టెన్షన్ నాది. "నాయనమ్మకి అన్నీ తెలుసు, చెప్పింది విను అన్నావు కదా?" అంది పాప. అమ్మ "మీకు పడదులే అబ్బయ్యా" అని గిన్నె తనవైపు లాక్కుంది. ఒక్కతే తినింది.

ఇలాంటివి రాసేటప్పుడు తోటి తల్లిదండ్రులకి ఓ సలహా ఇవ్వాలి గదా. పిల్లల్ని అవ్వాతాతలతో నడవనివ్వండి, మీరు నోరు మూసుకుని వెనక నడవండి. అని రాశాక చెయ్యి ఆగింది. రెండేళ్ళకోసారి మూడు వారాలు నడిస్తే ఏం మిగులుతుంది? ఉత్తరేణి అన్న మాట తను ఇక్కడ ఎవరితో అంటుంది? అసలు ఆ కూర ఇవాళ వడ్డించినా నేను వద్దనే అంటాను.

నిన్న వీడియో కాల్‌లో పాప అంది: "నాయనమ్మా, ఈసారి నాకు కూర పెట్టు, నాన్నకి ఆమ్లెట్ వెయ్యి."

అమ్మ నవ్వుతూ నావైపు చూసింది. నేను సిగ్నల్ సరిగా లేదన్నాను.