తాబేలును ఫ్రిజ్‌లో పడుకోబెట్టాను: నా అనుభవం

కూర్మారావు ఫ్రిజ్‌లో పడుకుని ఇవాళ్టికి పదకొండు రోజులు. పొద్దున తూచాను, 638 గ్రాములు. పడుకున్న రోజు 640. అంటే నిద్ర బాగానే పట్టింది. పట్టనిది నాకే. ఆ సోమవారం సాయంత్రం మా ఇంట్లో ఏం జరిగిందో అపార్ట్‌మెంట్లో తలా ఒక కథ చెబుతున్నారు. అసలు సంగతి నేనే రాసేస్తే ఒక పనైపోతుంది.

కూర్మారావు మా తాబేలు. మాది శ్రీకాకుళం. శ్రీకూర్మం గుళ్లో తాబేళ్లకు ఆకుకూర పెడుతూ పెరిగిన మా అమ్మ, ఇది ఇంటికి రాగానే ఎవర్నీ అడక్కుండా పేరు పెట్టేసింది. మా వైపు ఏ వీధిలో చూసినా ఒక కూర్మారావు ఉంటాడు, ఈయన మేం ఇప్పుడుంటున్న బెంగళూరు మారతహళ్లి కూర్మారావు. అయితే గుళ్లో ఉండేవి నక్షత్ర తాబేళ్లు. ఇది వేరే జాతి, హార్స్‌ఫీల్డ్ తాబేలు. రష్యన్ తాబేలని కూడా అంటారు. కజకస్తాన్, ఉజ్బెకిస్తాన్, అఫ్గానిస్తాన్ వైపు మెట్ట నేలల్లో బతుకుతుంది. 1968 సెప్టెంబరులో, ఇంకా మనిషెవడూ చంద్రుడి దాకా పోకముందే, రష్యా వాళ్లు జోండ్ 5 అనే అంతరిక్ష నౌకలో ఎక్కించి చంద్రుడి చుట్టూ తిప్పి తెచ్చింది ఈ జాతి తాబేళ్లనే. తిరిగొచ్చి పడింది కూడా మన హిందూ మహాసముద్రంలోనే. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ ఇది చెబుతాను. నేను మొదలుపెట్టగానే మా ఆవిడ లేచి వంటింట్లోకి పోతుంది.

మా ఆఫీసులో సీనియర్ ఒకాయన కెనడా వెళ్లిపోతూ ఇచ్చారు. 2020లో కేంద్రం ఇలాంటి విదేశీ జంతువుల వివరాలు స్వచ్ఛందంగా చెప్పమన్నప్పుడు ఆయన ఇచ్చిన కాగితం, 2024 నిబంధనల కింద రిజిస్ట్రేషన్, నా పేరు మీదికి మార్పు, అన్నీ ఉన్నాయి. ఈ కాగితాల పని ఆన్‌లైన్లో అయిపోయింది, చెప్పుకోవడానికేమీ లేదు.

అసలీ నిద్ర గోల ఎందుకంటే, బెంగళూరు చలి దీనికి సరిపడదు. డిసెంబరు, జనవరిల్లో రాత్రి 15, 16 డిగ్రీలు, మధ్యాహ్నం 27. మనకు స్వర్గం, దీనికి త్రిశంకు స్వర్గం. బాగా చలేస్తే మట్టిలో దూరి పడుకుంటుంది, బాగా ఎండ కాస్తే తిని తిరుగుతుంది. ఇక్కడ రెండూ లేవు. పొద్దున బిగుసుకుపోవడం, మధ్యాహ్నం నాలుగడుగులు వేయడం, మేత ముట్టకపోవడం, ఒంట్లో ఉన్నది కరిగించుకోవడం. పోయినేడాది అలాగే రెండు నెలల్లో నలభై గ్రాములు తగ్గింది. డాక్టరు గారు రెండు దారులు చెప్పారు. చలికాలమంతా వేడి లైటు కింద ఉంచి మేపడం, లేదా సరిగ్గా 5 డిగ్రీల దగ్గర ఎనిమిది వారాలు పడుకోబెట్టడం. నిద్ర తప్పనిసరేం కాదని కూడా ఆయనే చెప్పారు. నేను రెండోది ఎంచుకున్నాను. జబ్బు చేసినదాన్ని, బాగా చిన్నదాన్ని, కొత్తగా తెచ్చినదాన్ని పడుకోబెట్టకూడదు. నక్షత్ర తాబేలుకు, సుల్కాటా అనే ఆఫ్రికా తాబేలుకు అసలీ నిద్రే లేదు. నన్ను చూసి వాటిని ఫ్రిజ్‌లో పెడితే చచ్చిపోతాయి.

ఈ డాక్టరు దొరకడానికి మూడు క్లినిక్కులు తిరిగాను. కుక్కలూ పిల్లులూ తప్ప మిగతావి వాళ్లకు జంతువుల కింద లెక్క లేదు. దొరికాక మలపరీక్ష, అందులో నులిపురుగులు, వాటికి మందు, అన్నీ దసరాకే అయిపోయాయి. ఇక్కడొకటి చెప్పాలి. పెట్ షాపులో ఒక మహానుభావుడు "పురుగులకా సార్, ఇది రెండు చుక్కలు వేయండి" అని ఐవర్‌మెక్టిన్ సీసా చేతిలో పెట్టాడు. అది తాబేళ్లకు విషం. కుక్కకు పడే మందు తాబేలుకు పడుతుందని ఎవడు చెప్పాడో వాడికి! ఆ షాపు గుమ్మం మళ్లీ తొక్కలేదు. మీరూ షాపులవాళ్ల మాట మీద ఏ మందూ వేయకండి.

తర్వాత ఫ్రిజ్. తినే వస్తువులున్న ఫ్రిజ్‌లో పెడితే నన్నూ తాబేలునీ కలిపి బయట పెడతానని అమ్మ ముందే చెప్పింది. సెకండ్ హ్యాండ్‌లో చిన్నది, సింగిల్ డోరుది, నాలుగున్నర వేలకు కొన్నాను. హాల్లో చోటు లేక బెడ్‌రూమ్‌లో పెట్టాను. ఎస్పీ రోడ్డుకెళ్లి టెంపరేచర్ కంట్రోలర్ తెచ్చి బిగించాను. సున్నాకి దిగితే కళ్లు పోతాయి, 10 దాటితే మెలకువ వచ్చేస్తుంది. కాబట్టి ఫ్రిజ్ సొంత బుద్ధికి వదిలేయకూడదు. నీళ్లు నింపిన బాటిళ్లు ఎనిమిది లోపల పేర్చాను. కరెంటు పోయినా చాలాసేపు చల్లదనం ఆగుతుంది.

తాబేలును పెట్టే ముందు కనీసం రెండు వారాలు ఖాళీగా నడిపి చూడాలి. గాలిలో పెట్టిన థర్మామీటరు తలుపు తీసినప్పుడల్లా గంతులేస్తుంది. అదే ఒక బరువైన వస్తువు లోపల గుచ్చితే నికరంగా చూపిస్తుంది. తాబేలంత బరువు, తాబేలంత గుండ్రన ఏముందా అని వంటింట్లో వెతికితే కంద కనబడింది. చిన్న కంద, ముప్పావు కిలోకి కాస్త తక్కువ. దానికి వైరు గుచ్చి, ప్లాస్టిక్ డబ్బాలో మట్టి పోసి, అందులో పూడ్చి, ఫ్రిజ్‌లో పెట్టేశాను. ఎవరికీ చెప్పలేదు. వనభోజనాలకని అమ్మ తెచ్చుకున్న కంద అది. మర్నాడు కంద కనబడటం లేదని ఇల్లంతా గాలిస్తుంటే, నేనే మంచివాడిలా అమ్మ దగ్గరే డబ్బులు తీసుకుని మార్కెట్టుకెళ్లి ఇంకొకటి తెచ్చిచ్చాను.

ఇక ఆ సాయంత్రం. కార్తీకంలో ఆఖరి సోమవారం. అమ్మ గుడికెళ్లింది దీపాలు పెట్టడానికి. మా ఆవిడ చెల్లెలి సీమంతానికని వారం కిందే పలాస వెళ్లింది. ఏడింటికి బెల్లు మోగింది. తలుపు తీస్తే అసోసియేషన్ సెక్రటరీ, వాచ్‌మన్, రెండో అంతస్తు ఆంటీ, వాళ్లాయన, వెనకాల ఇద్దరు కుర్రాళ్లు. ఆంటీది గుంటూరు. సెక్రటరీ గారిది మైసూరు.

"మేడమ్ ఉన్నారా?" అన్నాడు సెక్రటరీ.

"లేదండీ, ఊరెళ్లింది."

"ఎప్పుడు?"

"వారమైంది."

ఆంటీ వాళ్లాయన వైపు చూసింది. "నాలుగుసార్లు ఫోన్ చేశాను బాబూ, ఎత్తడం లేదు" అంది.

సీమంతం ఇంట్లో ఫోన్ ఎవరెత్తుతారు? అదే అన్నాను. సెక్రటరీ గొంతు సవరించుకుని, కొత్త ఫ్రిజ్ కొన్నారట కదా అన్నాడు. పాతదే అన్నాను. ఇంట్లో ఒకటి ఉండగా ఇంకొకటి ఎందుకన్నాడు. ఇది బెడ్‌రూమ్‌లోకి అన్నాను. ఒకసారి చూడొచ్చా అన్నాడు. కరెంటు లోడు గురించి వచ్చారేమో అనుకున్నాను. పైగా, నిజం చెప్పొద్దూ, నా ఏర్పాటు నలుగురికీ చూపించాలని నాకూ ఉబలాటంగానే ఉంది. రండి రండి అని తీసుకెళ్లి తలుపు తెరిచాను.

బాటిళ్ల మధ్యలో డబ్బా. డబ్బా నిండా మట్టి. మట్టిలోకి దిగిన నల్ల వైరు. ఆంటీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఈ మట్టి ఎందుకు?"

"పడుకోబెట్టడానికి."

"ఎవరిని?"

"కూర్మారావుని."

"ఆయనెవరు?" అన్నాడు ఆంటీ వాళ్లాయన, ఒకడుగు వెనక్కేసి.

అప్పుడు కూడా నాకు వెలగలేదు. సెక్రటరీ మట్టి వైపు చూపించి, ఇప్పుడు లోపల ఏముంది అని కన్నడంలో అడిగాడు. పదేళ్లుగా ఇక్కడ ఉంటున్న ధైర్యంతో నేనూ కన్నడంలోనే చెప్పాను: "కంద ఇదె సార్."

కన్నడంలో కంద అంటే పసిబిడ్డ.

ఆయన మొహంలో రంగు పోవడం నేను దగ్గర్నుంచి చూశాను. వాచ్‌మన్ గుమ్మం దాకా వెళ్లిపోయాడు. నేను నోటితో చెప్పడం కంటే చూపించడం మేలనుకుని రెండు చేతులూ మట్టిలో పెట్టి తవ్వాను. గోధుమరంగు గుండ్రని తల లాంటిది, మీద సన్నటి వేళ్లు వెంట్రుకల్లా అంటుకుని, పైకొచ్చింది. కుర్రాళ్లలో ఒకడు "అయ్యో" అని గట్టిగా అరిచాడు. దాన్ని తీసి, మట్టి దులిపి, సెక్రటరీ చేతిలో పెట్టాను. ఆయన రెండు చేతులతో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

సరిగ్గా అప్పుడు అమ్మ వచ్చింది, చేతిలో దీపాల పళ్లెంతో. ఆరుగురు మనుషులు, తెరిచిన ఫ్రిజ్, ముందు ఏటో తెలీక చూసింది. తర్వాత సెక్రటరీ చేతుల్లోకి చూసింది.

"ఓలమ్మ, నా కంద!"

ఆ తర్వాత ఏది ముందో ఏది వెనకో నాకే గుర్తులేదు. ఆంటీ "కందా? కంద గడ్డా?" అంటోంది. సెక్రటరీకి ఎవరో "సువర్ణగడ్డె" అని కన్నడంలో చెప్పారు. "నాసేత మళ్లీ అరవై రూపాయలు పెట్టించావు కదరా" అని అమ్మ నా మీద పడింది. అదే సమయానికి మా ఆవిడ వీడియో కాల్. పట్టుచీరలో, తలనిండా పూలతో ఆమె కనబడగానే మా గదిలో అందరూ ఒక్కసారిగా ఊపిరి వదిలారు. "ఏంటి, అందరూ మన బెడ్‌రూమ్‌లో ఉన్నారు?" అంది. నా దగ్గర జవాబు లేదు.

జరిగిందేమిటంటే, మా పనమ్మాయి కింద వాచ్‌మన్‌తో "ఆమెన ఫ్రిజ్జల్లి ఇడ్తారంతె" అంది. కన్నడంలో ఆమె అంటే తాబేలు. అటు పోతున్న ఆంటీ చెవిలో అది అచ్చ తెలుగులో పడింది. ఆమెని ఫ్రిజ్‌లో పెడతారంట! మా ఆవిడ వారంగా కనబడటం లేదు, నేను ఫ్రిజ్ మోయించుకొచ్చాను, మట్టి బస్తా మోసుకొచ్చాను. టీవీలో నేరాల వార్తలు చూసే ఇంటికి ఇంకేం కావాలి? నాకు కోపం దేనికంటే, మూడేళ్లుగా లిఫ్టులో రోజూ కనబడే మనిషి. "బాబూ, మీ ఆవిడ ఏదీ?" అని నన్నే ఒక్క మాట అడగలేదు. అసోసియేషన్‌కి చెప్పింది, గ్రూపులో పెట్టింది, నలుగుర్ని వెంటేసుకొచ్చింది.

సెక్రటరీ గారు పరువు నిలబెట్టుకోవడానికి, అయినా తాబేలును ఇంట్లో పెంచడం నేరం కదా అని కొత్త రాగం ఎత్తుకున్నాడు. నక్షత్ర తాబేలు అయితే నేరమే. 1972 వన్యప్రాణి చట్టంలో, 2022 సవరణ తర్వాత, అది పులితో పాటు మొదటి షెడ్యూల్లో ఉంది. అదృష్టమని ఇంట్లో పెట్టుకునేవాళ్లు అది తెలుసుకోవాలి. ఈ జాతి వేరు, కాగితాలున్నాయి అన్నా వినలేదు. రెండు రోజుల తర్వాత అటవీ శాఖ వాళ్లు ఇద్దరు వచ్చారు. కాగితాలు చూశారు, డిప్ప మీద నక్షత్ర గీతలు లేవని చూశారు, ముందు కాళ్ల గోళ్లు నాలుగని లెక్కపెట్టారు, ఫొటో తీసుకున్నారు, కాఫీ తాగారు. పావుగంట. ఈ మొత్తం వ్యవహారంలో నన్ను మనిషిలా చూసింది వాళ్లిద్దరే. చిన్నాయన వెళ్లేటప్పుడు దాని తల నిమరొచ్చా అని అడిగాడు.

మిగిలినదంతా తేలికే. ఉపవాసం కార్తీక పౌర్ణమి నుంచి మొదలుపెట్టాను, మూడు వారాలు. ఆఖరి మేత మందారాకులు. మొదటి రెండు వారాలు వేడి లైటు తీయకూడదు, ఒంట్లో వేడి ఉంటేనే కడుపులోది అరిగి బయటికొస్తుంది. అరగకుండా పడుకుంటే లోపలే కుళ్లుతుంది. రోజూ గడ్డం దాకా గోరువెచ్చటి నీళ్లలో ఇరవై నిమిషాలు కూర్చోబెట్టాలి, నీళ్లు తాగి లోపల నిల్వ చేసుకుంటుంది. మాకు కార్తీకం అయిపోయింది, పోలి దీపాలు వదిలాం, గారెలు తిన్నాం. దానికి మాత్రం రోజూ సోమవారమే. గారెలు తింటున్నప్పుడు టబ్బులోంచి మెడ చాచి చూసింది. అమ్మ లేచి వేరే గదిలో కూర్చుంది. ఆఖరి వారం లైటు తీసేసి బాల్కనీలో, తర్వాత ఫ్రిజ్‌లో 12, 9, అలా దించుకుంటూ 5.

ఇప్పుడు రోజుకోసారి గాలి కోసం తలుపు తీసి మూస్తాను. వారానికోసారి తూస్తాను, ఇవాళ ఆగలేక ముందే తూచాను. నెలకు నూటికి ఒకటి తగ్గితే మామూలే. పదోవంతు తగ్గితే, లేదా నిద్రలో మూత్రం పోస్తే, వెంటనే లేపెయ్యాలి. జోండ్ 5 తాబేళ్లు కూడా తిరిగొచ్చేసరికి పదోవంతు తగ్గాయట. మావాడు అంత దూరం పోడు. రథసప్తమికి లేపుతాను.

కంద వృథా కాలేదు. "మట్టిలో పెరిగిందాన్ని మట్టిలో పెడితే ఏటవుద్దిరా" అని అమ్మ మర్నాడే బచ్చలితో వండి, గిన్నెడు ఆంటీకి కూడా పంపింది. ఆంటీ గిన్నె కడిగి, అందులో పంచదార పోసి తిరిగిచ్చింది. ఫ్రిజ్ తలుపు మీద నేను కన్నడంలో ఒక కాగితం అంటించాను. పలాస నుంచి వచ్చాక మా ఆవిడ దాని కింద తెలుగులో రాసింది: "లోపల ఉన్నది తాబేలు. నేను ఆఫీసుకెళ్లాను."